మూసినప్పుడే గడియ

మొన్న థాంక్స్‌గివింగ్ సెలవులకు ఆస్టిన్ నుంచి మా ఇంటికి వచ్చిన అక్క కొడుకు, గ్యారేజీలో నా పనిబల్ల మీద ఉన్న బాలిసాంగ్‌ను చేతిలోకి తీసుకుని, రెండుసార్లు గాలిలో తిప్పి చూసి, పెదవి విరిచాడు. "మామయ్యా, దీనికింకా లాచ్ ఉంచావేంటి? తీసి పారెయ్. ఇప్పుడెవరూ ఉంచుకోవడం లేదు" అన్నాడు. వాడు చెప్పింది అబద్ధమేమీ కాదు. ఈ సీతాకోకచిలుక కత్తికి బ్లేడు మొదట్లో తిరిగే రెండు పిడులుంటాయి; ఆ రెంటి చివరలనూ కలిపి పట్టే చిన్న గడియే లాచ్. విన్యాసం కోసం కత్తిని తిప్పేవారి చేతుల్లో అది దాదాపు కనుమరుగైంది. కొత్తగా వస్తున్న ట్రైనర్లలో, అంటే పదును లేని సాధన కత్తులలో, చాలావాటికి అది పుట్టుకతోనే ఉండదు. "ఏదీ, నీ కత్తి చూపించరా" అన్నాను. వాడు బ్యాగు జిప్పు తీసి, మేజోళ్ళ కింద నుంచి ట్రైనర్‌ను కాదు, పదునున్న కత్తినే బయటికి తీశాడు. లాచ్ ఉండవలసిన చోట ఖాళీ రంధ్రం ఉంది. రెండు పిడుల చివరలనూ కలిపి, వాడి చెల్లెలిది కాబోలు, ఊదారంగు జడ రబ్బరు మూడు చుట్లు చుట్టి ఉంది.

నేను నవ్వాను, వాడు నవ్వలేదు. ఆ జడ రబ్బరు గురించే ఈ వ్యాసం.

లాచ్‌ను పీకేయడం దాన్ని బాగుచేయడం కిందికి రాదని నా అభిప్రాయం. అలాగని దానికి ఇంకా గట్టి స్ప్రింగు, ఇంకా పెద్ద కొక్కెం తగిలించడం కూడా బాగుచేయడం కాదని, ఒకసారి కుట్లు పడిన తరువాత, నేను ఒప్పుకోక తప్పలేదు. నాలుగేళ్ళుగా అరడజను కత్తుల మీద చేసిన పనిలో నాకు అర్థమైంది ఒక్కటే: ఈ చిన్న ముక్క మీద మనం రెండు పనులు మోపాం, అందులో ఒకటి దానికి అనవసరం. ఆ అనవసరమైన పనిని తప్పిస్తే మిగిలిన పనిని అది నిక్షేపంగా చేస్తుంది.

గడియా, కొక్కెమూ

మా ఊళ్ళో తాతగారి ఇంటి కిటికీ రెక్కలకు రెండు రకాల ఇనుప సామాను ఉండేది. రెక్కలు మూసినప్పుడు వేసే గడియ ఒకటి. తెరిచినప్పుడు గాలికి రెక్క టపటపా కొట్టుకోకుండా పక్కనున్న కొండీలో తగిలించే పొడవాటి కొక్కెం మరొకటి. వడ్రంగి ఎవరూ ఆ రెంటినీ ఒకే ఇనుప ముక్కతో చేయాలని ప్రయత్నించలేదు, ఎందుకంటే మూసినప్పటి దూరం వేరు, తెరిచినప్పటి దూరం వేరు.

బాలిసాంగ్ మీది టీ ఆకారపు లాచ్ మాత్రం సరిగ్గా ఆ ప్రయత్నమే చేస్తుంది. ఒక పిడి చివర పిన్ను మీద తిరిగే ఈ ముక్క, కత్తి మూసి ఉన్నప్పుడు లోపలివైపుకు వాలి, దాని కాడ రెండో పిడి చీలికలోంచి దూరి, అడ్డకమ్మీ ఆ పిడి వీపు మీద తగులుకుంటుంది. కత్తి తెరిచినప్పుడు రెండు పిడులూ చెరో 180 డిగ్రీలు తిరుగుతాయి కాబట్టి, అంతవరకూ బయట ఉన్న వీపులు లోపలికి వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి, బ్లేడు దాక్కునే గాడి బయటికి వెళుతుంది. అప్పుడు అదే లాచ్ ఎదురువైపుకు వాలి, ఈసారి రెండో పిడి గాడి అంచుల మీద తగులుకోవాలి. మూసినప్పుడు పిడుల మధ్య ఎడం ఎంతో నిర్ణయించేది బ్లేడు మొదట్లో ఉన్న ఒక పిన్ను లేదా బొడిపె; తెరిచినప్పుడు నిర్ణయించేది మరో పిన్ను. ఈ రెండు ఎడాలూ ఒకటే కావాలంటే తయారీలో అదృష్టమైనా ఉండాలి, బోలెడంత ఓపికైనా ఉండాలి.

నా దగ్గరున్న ఒక టైటానియం పిడుల కత్తిలో చివరల దగ్గర బయటి కొలత మూసినప్పుడు 26.1 మిల్లీమీటర్లు, తెరిచినప్పుడు 25.4 మిల్లీమీటర్లు వచ్చింది. మిల్లీమీటరులో 7 పదో వంతుల తేడా కంటికి ఆనదు గాని, లాచ్‌కు అది కొండంత. మూసినప్పుడు బొటనవేలితో ఒత్తితే గాని వేసుకోనంత బిగుతుగా ఉన్న ఆ లాచ్, తెరిచినప్పుడు గిలకలాగా గలగలమనేది. కత్తి కొన్నవారిలో సగం మంది ఈ గలగలను పోగొట్టుకోవాలని లాచ్ కాడను వైస్‌లో పెట్టి కాస్త వంచుతారు. గలగల తగ్గుతుంది, కాని ఆ మర్నాడు నుంచి కత్తి సరిగా మూతపడదు. అప్పుడు అడ్డకమ్మీని ఆకురాయితో అరగదీస్తారు. మళ్ళీ గలగల మొదలవుతుంది. ఈ చక్రంలో నేను కూడా రెండు లాచ్‌లను పోగొట్టుకున్నాను.

చేయి ఉన్న చోట గడియ ఎందుకు?

నాకు కళ్ళు తెరిపించింది డిజైను పుస్తకాలేవీ కావు. మా ఆఫీసులో నాకన్నా పదిహేనేళ్ళు పెద్దవాడైన ఒక ఫిలిప్పీన్స్ సహోద్యోగి ఉండేవాడు, బటాంగాస్ ప్రావిన్సు వాడు. ఈ కత్తికి పేరిచ్చిన బాలిసాంగ్ అనే బరాంగాయ్, అంటే మన పేట లాంటిది, ఆ ప్రావిన్సులోని తాల్ పట్టణంలోదే. కొమ్ము విరగడం అనే అర్థంలో ఆ పేరు వచ్చిందని అక్కడివారు చెప్పుకుంటారు. ఉద్యోగ విరమణ చేసే ముందు ఒక శనివారం మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు, ఆయన తన తండ్రి కత్తిని చూపించాడు. తెరిస్తే 29 సెంటీమీటర్లు ఉంటుంది కాబట్టి వాళ్ళు దాన్ని "బెంతే న్వేవే", అంటే ఇరవై తొమ్మిది, అని పిలుస్తారు. ఇత్తడి పట్టీల మధ్య గేదె కొమ్ము పొదిగిన పిడులు. బ్లేడు బండి కమాను పట్టీ నుంచి సాగగొట్టింది. మన ఊళ్ళలో కమ్మరి లారీ కమాన్లతో కొడవళ్ళు, గొడ్డళ్ళు చేసినట్టే అన్నమాట.

నేను వెంటనే చూసింది లాచ్‌నే. పదునువైపు పిడి చివర ఉంది. ఆ స్థానానికి బటాంగాస్ లాచ్ అని, వీపువైపు పిడికి ఉంటే మనీలా లాచ్ అని తిప్పేవారు పేర్లు పెట్టుకున్నారు. వీపువైపు పిడి ఇత్తడి అంచును కిటికీ వెలుగులోకి వంచి చూశాను. మూసినప్పుడు అడ్డకమ్మీ తగిలే చోట ఇత్తడి రెండు పక్కలా గోరు పట్టేంత లోతున అరిగి, బంగారు రంగులో మెరుస్తోంది. తెరిచినప్పుడు తగలవలసిన అంచు మీద మాత్రం దశాబ్దాల నల్లటి మకిలి చెక్కుచెదరకుండా ఉంది. అంటే ఆయన తండ్రి ఆ కత్తిని కొన్ని వేలసార్లు గడియ వేసి మూశాడు. తెరిచి కొక్కెం తగిలించింది మాత్రం బహుశా ఒక్కసారి కూడా లేదు. అదేమిటని అడిగితే ఆయన నా ప్రశ్న అర్థం కానట్టు చూసి, తెరిచిన పిడులను పిడికిట పట్టి, పిడికిలి చూపించాడు. అంతే.

తెరిచిన బాలిసాంగ్‌కు తాళం వేసేది చేయే. రెండు పిడులనూ కలిపి పట్టుకున్నంతసేపూ బ్లేడు ఎటూ కదలదు. ఎంత గట్టిగా పట్టుకుంటే అంత బిగుతు. మూసిన బాలిసాంగ్‌ను పట్టుకునే చేయి లేదు, అది జేబులోనో సంచీలోనో సొరుగులోనో ఉంటుంది. కిటికీ రెక్కకు కొక్కెం ఎందుకంటే, తెరిచిన కిటికీని రోజంతా ఎవరూ పట్టుకుని నిలబడరు. తెరిచిన కత్తిని ఎవరూ పట్టుకోకపోతే అది బల్ల మీద ఉంటుంది, బల్ల మీద ఉన్నదానికి కొక్కెం దేనికి?

దీనికి ఎదురు వాదన ఉంది, తేలికైనది కూడా కాదు. గోదాములో రోజుకు వంద అట్టపెట్టెలు కోసేవారు పిడికిలి బిగించి కోయరు. వేళ్ళు వదులుగా, కత్తిని కలంలాగా పట్టుకుని లాగుతారు. అలాంటి పట్టులో లాచ్ లేకపోతే పిడులు విచ్చుకోవచ్చు. నేను స్వయంగా చేసి చూశాను, పిడులు విచ్చుకున్నాయి, నిజమే. కాని విచ్చుకున్నవి ఒకటి రెండు మిల్లీమీటర్లు, అరచేయి తగిలి ఆగిపోయాయి. అయినా రోజుకు వంద పెట్టెలు కోసే మనిషి బాలిసాంగ్ ఎందుకు పట్టుకుంటాడన్నది నా సందేహం. ఆ పనికి 2 డాలర్ల జారుడు బ్లేడు చాకు ఉంది.

మంగలి కత్తికి లాచ్ ఏదీ?

మా మేనల్లుడు వేసిన రెండో ప్రశ్న దీనికన్నా పదునైనది. "మంగలి కత్తికి లాచ్ లేదు కదా మామయ్యా, అది వందల ఏళ్ళుగా పెట్టెలోనే పడి ఉంది, ఎవరినీ కోయలేదు కదా" అన్నాడు. నేను ఆ రాత్రి చాలాసేపు ఆలోచించవలసి వచ్చింది. జవాబు పివట్, అంటే బ్లేడూ పిడీ తిరిగే ఇరుసు, దగ్గర ఉంది. మంగలి కత్తి రివెట్టు బిగుతుగా ఉంటుంది, బ్లేడు ఎక్కడ వదిలితే అక్కడే ఆగుతుంది. ఆ రాపిడే దాని గడియ. బాలిసాంగ్ విషయంలో మనం డబ్బు పెట్టి కొనేదే రాపిడి లేకపోవడం. కంచు వాషర్లు, బుషింగులు, ఈ మధ్య బాల్ బేరింగులు కూడా పెట్టి, పిడిని వదిలితే తన బరువుకే జారిపోవాలని కోరుకుంటాం. పివట్ ఎంత వదులుగా, ఎంత నునుపుగా తయారైతే లాచ్ అవసరం అంత పెరుగుతుంది. ఈ కాలపు కత్తి పాత బటాంగాస్ కత్తి కంటే పది రెట్లు స్వేచ్ఛగా తిరుగుతుండగా, సరిగ్గా ఈ కాలంలోనే లాచ్‌ను తీసేయడం ఫ్యాషన్ కావడం నాకు విచిత్రంగా అనిపిస్తుంది.

కొందరు లాచ్ తీసేసి, రెండు పిడుల చివర్లలో చిన్న అయస్కాంతాలు పొదుగుతారు. చూడముచ్చటగా ఉంటుంది, మూయగానే టక్కున అతుక్కుంటాయి. కాని అయస్కాంతం బలం దూరంతో పాటు అమాంతం పడిపోతుంది. తాళంచెవుల గుత్తి ఒకటి పిడుల మధ్యకు రెండు మిల్లీమీటర్లు దూరిందంటే, ఆ తరువాత ఆ పిడులను పట్టి ఉంచేది ఏమీ లేదు. పైగా పనిబల్ల మీద ఉన్న ఇనుప రజను మొత్తం దానికే అంటుకుంటుంది.

బరువు లెక్క

లాచ్ వద్దనేవారి పక్షాన నిలబడే అసలైన వాదన బరువు. ఇక్కడ వాళ్ళు ఒప్పు, నేను తప్పు కాదు గాని, కాస్త వెనక్కి తగ్గవలసినవాడిని. నా తూకంలో ఒక స్టీలు లాచ్ 3 గ్రాములుంది, ఆ పిడి 35 గ్రాములు. పదకొండో వంతుకు తక్కువ. ఇంతదానికి గొడవెందుకు అనిపిస్తుంది. కాని తిరిగే వస్తువుకు బరువు ఎంత అన్నదానికన్నా ఎక్కడ అన్నది ముఖ్యం. పిడి పొడవు 12 సెంటీమీటర్లు, బరువు అంతటా సమంగా ఉందనుకుంటే, పివట్ చుట్టూ దాని జడత్వ భ్రామకం, అంటే తిప్పుడుకు అది ఇచ్చే ఎదురు, 35ను 144తో గుణించి 3తో భాగిస్తే 1,680 గ్రాము-చదరపు సెంటీమీటర్లు. లాచ్ ఉన్నది 11 సెంటీమీటర్ల దూరాన. 3ను 121తో గుణిస్తే 363. అంటే బరువులో పదకొండో వంతు కూడా లేని ముక్క, తిప్పుటలో అయిదో వంతు పైగా భారం పెంచుతోంది. అది కూడా ఒక్క పిడికే. రెండు పిడులూ రెండు రకాలుగా ఊగుతాయి, మణికట్టుకు ఆ తేడా వెంటనే తెలుస్తుంది.

ఈ లెక్క చూశాక ట్రైనర్లకు లాచ్ అక్కర్లేదని ఒప్పుకున్నాను. పదును లేనిది సంచీలో విచ్చుకుంటే విచ్చుకుంటుంది. పదునున్న దానికి మాత్రం నా మాట మారలేదు, కాని ఉక్కుకు బదులు టైటానియంతో చేస్తే ఆ 3 గ్రాములు 2 గ్రాముల లోపుకు వస్తాయని, లేదా రెండో పిడి చివర అంతే బరువున్న తొడుగు పెడితే ఊపు సమానమవుతుందని చెప్పి బేరానికి దిగవచ్చు. మొదటి దాన్ని నేను ఎందుకు ఎంచుకోలేదో కింద చెబుతాను.

లాచ్ వల్ల మరో లాభం ఉంది, దాన్ని తిప్పేవారే మరచిపోతారు. కత్తి మూసేటప్పుడు పదును వచ్చి తగిలేది ఏ పిడిని పట్టుకున్న వేళ్ళకో చీకట్లో చెప్పేది అదే. బటాంగాస్ పద్ధతిలో లాచ్ ఉన్న పిడి వేళ్ళు కొరికే పిడి. చిటికెన వేలికి ఆ ముక్క తగలగానే, మీరు తప్పు పిడిని పట్టుకున్నారని తెలుస్తుంది. లాచ్ లేని కొత్త కత్తులలో ఆ గుర్తు కోసమే ఒక పిడి మీద గాట్లు చెక్కుతున్నారు.

ముదురు స్ప్రింగు

ఇక నా తప్పు సంగతి. స్ప్రింగు లాచ్‌లు అందరికీ తెలిసినవే. బెంచ్‌మేడ్ వారి మార్ఫో వంటి కత్తుల వల్ల వాటికి పేరొచ్చింది. 1979లో బాలిసాంగ్ అనే పేరుతోనే మొదలై తరువాత బెంచ్‌మేడ్‌గా మారిన కంపెనీ అది. పిడులను కాస్త నొక్కితే అడ్డకమ్మీ పట్టు వదులుతుంది, స్ప్రింగు లాచ్‌ను పక్కకు తన్నేస్తుంది, బొటనవేలు కదపనవసరం లేదు. నా దగ్గరున్న ఒక స్ప్రింగు లాచ్ కత్తి పాతబడి, లాచ్ నీరసంగా పక్కకు జరిగేది. తెల్లారేసరికి దాన్ని పహిల్వానును చేయాలనుకుని, 0.6 మిల్లీమీటర్ల తీగతో ఉన్న స్ప్రింగు తీసి, అదే చుట్టుకొలతతో 0.8 మిల్లీమీటర్ల పియానో తీగ చుట్టి పెట్టాను. స్ప్రింగు బిగువు తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. బాలానగర్‌లో టూల్ డిజైను నేర్చుకున్న రోజుల్లో దీన్ని నల్లబల్ల మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. మందం మూడో వంతు పెంచితే బిగువు మూడు రెట్లు దాటుతుంది. లాచ్ తుపాకీ గుండులాగా ఎగిరేది, నాకు మహదానందంగా ఉండేది.

ఒక ఆదివారం ఆ కత్తి జీన్స్ ముందు జేబులో ఉండగా కారులో కూర్చున్నాను. తొడ మడతకూ సీటు బెల్టుకూ మధ్య పిడులు నొక్కుకున్నాయి. పాత స్ప్రింగయితే అడ్డకమ్మీ ఒక క్షణం పట్టు వదిలినా, బట్ట రాపిడిని గెలవలేక లాచ్ అక్కడే ఆగి, నొక్కుడు తగ్గగానే మళ్ళీ తగులుకునేది. నా ముదురు స్ప్రింగు బట్టను తోసుకుని మరీ పక్కకు తప్పుకుంది. కారు దిగి తాళంచెవి కోసం జేబులో చేయి పెట్టినప్పుడు, అప్పటికే అరంగుళం విచ్చుకున్న పిడుల మధ్య చూపుడు వేలు కణుపు దూరింది. మూడు కుట్లు పడ్డాయి. ఇంట్లో వారం రోజుల పాటు నా హాబీ మీద జరిగిన చర్చను ఇక్కడ రాయను.

నొక్కితే ఊడేది గడియ కాదు. మనిషి కావాలని చేసే నొక్కుడుకూ, సీటు చేసే నొక్కుడుకూ తేడా తెలియని యంత్రాంగం ఎంత చురుకుగా ఉంటే అంత ప్రమాదం. నిజమైన గడియ తెరవడానికి నొక్కుడు కాకుండా, దానికి అడ్డదిశలో వేరే కదలిక అవసరమవ్వాలి. పాతకాలపు మామూలు టీ లాచ్‌లో ఆ గుణం ఉంది. బొటనవేలితో పక్కకు తిప్పితే గాని అది ఊడదు, జేబు దాన్ని నొక్కగలదు గాని తిప్పలేదు.

సందర్భం వచ్చింది కాబట్టి ఒక మాట. బ్రిటన్‌లో 1988 నాటి నిషేధపు ఉత్తర్వు ఈ కత్తిని నిర్వచించేటప్పుడు, స్ప్రింగు గాని వేరే యాంత్రిక సాధనం గాని లేకుండానే పిడి నడిమికి చీలి బ్లేడు బయటపడేదిగా వర్ణించింది. బ్లేడుకు స్ప్రింగు లేకపోయినా లాచ్‌కు ఉంటే అది ఆ వర్ణనలోకి వస్తుందా రాదా అని వాదించుకునే న్యాయవాదులకు ఫీజులు దండిగానే రావచ్చు. లాచ్‌ను మార్చినందువల్ల గాని తీసేసినందువల్ల గాని నిషేధమున్న చోట కత్తి చట్టబద్ధం అయిపోదు. మా వాడు లాచ్ పీకేసి, ఇప్పుడిది వేరే రకం అన్నాడు కాబట్టి ఇది రాయవలసి వచ్చింది.

నేను చివరకు చేసింది

వేలు మానాక ఆ టైటానియం కత్తిని మళ్ళీ ముందు పెట్టుకున్నాను. లాచ్‌ను సరిచేసే ముందు, అప్పటికి మూసినప్పుడు కూడా మొదలైన గలగల ఎక్కడి నుంచి వస్తోందో చూశాను. లాచ్ అరగలేదు, బ్లేడు మొదట్లోని గట్టి స్టీలు పిన్ను, మెత్తనైన టైటానియం పిడిలో తిప్పిన ప్రతిసారీ కొట్టుకుని, చిన్న గుంట చేసుకుంది. గుంటలోకి పిన్ను దిగేకొద్దీ పిడులు దగ్గరవుతాయి, లాచ్ వదులవుతుంది. లాచ్‌ను వంచేవారు చేస్తున్నది, గోడ కుంగితే తలుపును చిత్రిక పట్టడం. పిన్నును తీసి, రంధ్రాన్ని రీమరుతో నునుపు చేసి, పదో వంతు మిల్లీమీటరు లావు పిన్ను దిగగొట్టాక, మూసినప్పటి కొలత తిరిగి కొత్త కత్తి కొలతకు వచ్చింది. ఇంతవరకూ లాచ్‌ను ముట్టుకోనేలేదు.

ఆ తరువాత 3 మిల్లీమీటర్ల గేజ్ ప్లేటు అనే టూల్ స్టీలు పలక నుంచి కొత్త టీ లాచ్ కోశాను. మూసినప్పుడు తగిలే ఒక్క కొలతకే, తెరిచినప్పటి కొలతను పూర్తిగా మరచిపోయి. అడ్డకమ్మీ లోపలి అంచుకు నీలం మార్కరు పూసి, లాచ్ వేసి తీసి, రంగు చెదిరిన చోట సూది ఆకురాయితో రెండు గీతలు గీసి, మళ్ళీ పూసి, మళ్ళీ వేసి చూడటం. ఇలా ఒక సాయంత్రం గడిచింది. రెండు పక్కలా రంగు ఒకేలా చెదిరేవరకూ ఆగలేదు, ఎందుకంటే ఒక పక్కే తగిలే అడ్డకమ్మీ పిడిని మెలితిప్పుతుంది. చివరకు సందు కొలిచే ఫీలర్ గేజ్‌లో 0.05 మిల్లీమీటర్ల ఆకు దూరి, 0.10 ఆకు దూరకపోవడం దగ్గర వదిలేశాను. దీనికి ముందు చేసిన టీ మీద ఇదే పని చేస్తూ, ఫోను మోగితే మాట్లాడుతూనే ఆకురాయి ఆడించాను, 0.3 మిల్లీమీటర్లు ఎక్కువ పోయింది. అది ఇప్పుడు బల్ల సొరుగులో ఉంది.

తెరిచినవైపుకు వాలకుండా, పిడి చివర 1.5 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ పిన్ను ఒకటి అడ్డంగా దిగగొట్టాను. లాచ్ పిడి పొడవు దిశలోనే నిలువుగా వచ్చాక అటువైపు ఇంక కదలదు. లోపలివైపు, లాచ్ ఊగుతూ వచ్చి బ్లేడు పదునును కొట్టకుండా, గాడిలో చిన్న అడ్డు, తిప్పేవారు లాచ్ గేట్ అనేది, ఎటూ కావాలి. ఆ రెంటి మధ్యా లాచ్‌కు మిగిలింది తొంభై డిగ్రీల పైచిలుకు ప్రయాణం మాత్రమే. ఇంతకుముందు అది ఒక పూర్తి చుట్టులో ముప్పావు వంతు స్వేచ్ఛగా ఊగుతూ, పిడి పక్కలను కొట్టి కొట్టి సొట్టలు పెట్టేది. టైటానియంలో ఆ సన్న రంధ్రం వేయడం గురించి మాత్రం తొందరపడవద్దని చెబుతాను: కోబాల్ట్ బిట్టు, తక్కువ వేగం, ఎక్కువ నూనె, మధ్యలో ఆపకుండా ఒకే ఒత్తిడి. నేను మధ్యలో ఆపాను, అక్కడే లోహం గట్టిపడి బిట్టు విరిగింది.

నిలువుగా వచ్చిన లాచ్ అక్కడే ఆగడానికి పిడి చివరి లోపల 3 మిల్లీమీటర్ల నియోడిమియం అయస్కాంతం ఒకటి ఎపాక్సీతో అతికించాను. ఇందాక అయస్కాంతాలను తిట్టినవాడినే, కాని ఇక్కడ దాని పని కత్తిని మూసి ఉంచడం కాదు, మూడు గ్రాముల రేకును కదలకుండా పట్టుకోవడం. అది విఫలమైతే కాస్త చప్పుడు వస్తుంది తప్ప ఎవరి వేలూ తెగదు. లాచ్‌ను టైటానియంతో చేయకపోవడానికి కారణం ఇదే. టైటానియాన్ని అయస్కాంతం పట్టదు, పైగా టైటానియం మీద టైటానియం రాసుకుంటే పట్టుకుపోతుంది. మామూలు గ్రేడు నియోడిమియం 80 డిగ్రీల సెల్సియస్ దాటితే బలం కోల్పోవడం మొదలుపెడుతుంది. టెక్సస్ ఆగస్టులో కారు డ్యాష్‌బోర్డు మీద కత్తి పెట్టి వెళ్ళేవారు దాన్ని గుర్తుంచుకోవాలి, ఆ పని చేయడమే తప్పనుకోండి.

ఈ మార్పులో లోపం లేదని అనను. లాచ్ ఎప్పుడూ నిలువుగా ఉండటం వల్ల తెరిచిన కత్తి పొడవు సెంటీమీటరు పెరిగింది, అది అరచేతి మడమకు గుచ్చుకుంటోంది. టీ మూలలను ఎంత గుండ్రంగా చేసినా పూర్తిగా పోలేదు. పాత వస్తువుల మీద ఇది చేయకూడదు కూడా. ఆ సహోద్యోగి మరుసటి నెలలో ఫోన్ చేసి, తన తండ్రి కత్తి లాచ్ కాస్త వదులైంది, నీవు సరిచేస్తావా అని అడిగితే, ఒక పూట ఆలోచించి వద్దన్నాను. ఆ ఇత్తడి అరుగుదలను నింపితే కత్తి బిగుతవుతుంది గాని, ఆ అరుగుదల వేసిన మనిషి అందులో మిగలడు. ఆయన కూడా అదే వినాలనుకున్నట్టుంది, సంతోషంగానే ఫోను పెట్టేశాడు.

మా మేనల్లుడి కత్తికి మాత్రం, వాడు సణుగుతుండగానే, శుక్రవారం రాత్రి ఒక టీ కోసి పెట్టాను. వాడి కత్తికి గాజు పీచు, రెసిన్ కలిపి చేసిన జీ-10 పిడులు కాబట్టి రంధ్రం సులభంగానే పడింది. బరువు తూచి, రెండో పిడి చివర అంతే బరువున్న ఇత్తడి తొడుగు వాడి ఎదుటే బిగించాను. తిప్పి చూసి, "కొంచెం మెల్లగా తిరుగుతోంది" అన్నాడు, బాగుందనలేదు. ఆదివారం వెళ్ళేటప్పుడు ఆ ఊదారంగు జడ రబ్బరును బల్ల మీదే వదిలి వెళ్ళాడు. నిన్న ఫోన్ చేసి, అడ్డకమ్మీ కుడిపక్క రాసుకుంటోంది, అరగదీయనా అని అడిగాడు. ముందు మార్కరు పూసి చూడమన్నాను, రంగు చెదిరితేనే రెండు గీతలు, మూడో గీత వద్దన్నాను. జవాబు ఇంకా రాలేదు.